కాపీ కాని పెళ్లి వీడియో సీడీలు: డిస్కు పాడైందనుకునే ముందు

మీ అమ్మానాన్నల పెళ్లిరోజు వీసీడీలు టీవీ ప్లేయర్‌లో ఆడుతున్నాయని, కంప్యూటర్‌లో కాపీ చేయబోతే మాత్రం చదవలేకపోతున్నట్టు ఎర్రర్ వచ్చి ఆగిపోతున్నాయని రాశారు. డిస్కులు పోయాయని అప్పుడే అనుకోకండి. 2003లో మలక్‌పేటలోని ఫంక్షన్ హాల్లో జరిగిన మా అక్క పెళ్లి వీసీడీలు మూడూ, నాన్నగారి షష్టిపూర్తి డీవీడీ ఒకటీ నన్ను ఇలాగే బాధపెట్టాయి. నాన్నగారు ఇప్పుడు లేరు, ఆయన గొంతు వినిపించే రికార్డింగు మా ఇంట్లో ఆ డీవీడీ ఒక్కటే. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంవారు నాలుగింటినీ చూసి పనికిరావని చెప్పేశారు. వాటిలో రెండింటికి అసలు ఏ లోపమూ లేదని తరువాత తేలింది.

వీసీడీలో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో కనిపించే డాట్ (.DAT) ఫైలు మామూలు ఫైలు కాదు. మామూలు డేటా సీడీలో సెక్టారు అనే ఒక్కో 2352 బైట్ల ముక్కలో 2048 బైట్లే మన సమాచారం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చదివేటప్పుడు దొర్లే తప్పులను దిద్దుకోవడానికి ఉంటుంది. వీసీడీలో ఆ అదనపు దిద్దుబాటును వదిలేసి, ఒక్కో సెక్టారులో 2324 బైట్ల వీడియోను నింపారు. ఒక బైటు పోతే టీవీ ప్లేయరు బొమ్మలో చిన్న గడిని చూపించి ముందుకు సాగిపోతుంది, కాపీ చేసే కంప్యూటరు మాత్రం అక్కడే ఆగిపోవచ్చు. నేను విండోస్ బదులు వాడే లైనక్స్‌లోనైతే గీత ఒక్కటీ లేని వీసీడీనుంచి ఆ ఫైలును కాపీ చేసినా ఎర్రరే వస్తుంది, ఎందుకంటే అది ప్రతి సెక్టారునూ 2048 బైట్ల లెక్కన అడుగుతుంది. కాబట్టి ముందుగా వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో ఫైలుగా కాకుండా డిస్కుగా తెరిచి, చివరిదాకా ఆడుతుందేమో చూడండి. ఎక్కడా గళ్లు పడకుండా ఆడితే డిస్కు బాగున్నట్టే. లైనక్స్‌లో వీసీడీఎక్స్‌రిప్, విండోస్‌లో ఐసోబస్టర్ అనే ప్రోగ్రాములు ఆ వీడియోను సరైన పద్ధతిలో బయటికి తీస్తాయి. అక్క పెళ్లి డిస్కులు రెండు ఇలాగే పూర్తిగా వచ్చాయి.

మూడోది నిజంగానే దెబ్బతింది. సీడీలో సమాచారపు పొర కింది ప్లాస్టిక్‌లో కాదు, పైన పేరు రాసే వైపు పలుచని వార్నిష్ కిందే ఉంటుంది. ఆ వైపు ప్లాస్టిక్ కవరు అంటుకుని, లాగినప్పుడు పొర లేచిపోయింది. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని రంధ్రాల్లోంచి వెలుగు కనిపించింది. అటువంటి డిస్కును టూత్‌పేస్టుతో రుద్దినా ప్రయోజనం లేదు, ఆ పని దయచేసి చేయకండి. కింది వైపు దుమ్ము ఉంటే మాత్రం మెత్తని నూలుబట్టతో మధ్యనుంచి అంచువైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం రాసి ఉన్న ట్రాకు వెంబడే సాగి, వరసగా చాలా సమాచారాన్ని చెరుపుతుంది.

ఇక డీవీడీ. యూఎస్‌బీ డ్రైవు డిస్కును తిప్పబోయి టక్కుమని ఆగి, మళ్లీ మొదలుపెడుతూ ఉండేది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లే, డిస్కు వేగం అందుకునేటప్పుడు కొన్ని డ్రైవులకు అది చాలదు. సీపీయూ ముందు భాగంలోని పోర్టునుంచి తీసి వెనక భాగంలోని పోర్టుకు పెట్టగానే ఆ శబ్దం పోయింది, కానీ ఎర్రర్లు మిగిలాయి. అప్పుడు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్ని ఇమేజిగా, అంటే ఒకే నకలు ఫైలుగా తీశాను. అది చదవగలిగినదాన్ని ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగివస్తుంది, ఏది వచ్చిందో ఏది రాలేదో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఈ పనిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది ఆ మ్యాప్ ఫైలునే. ప్రతి డ్రైవు లేజరూ లెన్సూ ఒకేలా ఉండవు గనుక ఒకటి చదవలేని చోటును మరొకటి చదవవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో పాత డెస్క్‌టాప్ డ్రైవు ఒకటి కొని, అదే మ్యాప్ ఫైలుతో కొనసాగిస్తే, దాదాపు 1900 సెక్టార్లు రానిచోట చివరికి 46 మాత్రమే మిగిలాయి. బొమ్మ ఒకచోట క్షణకాలం గళ్లుగళ్లుగా అవుతుంది, నాన్నగారి మాటల్లో మాత్రం ఒక్కటీ పోలేదు.

కొన్న సినిమా డీవీడీల సంగతి వేరు, వాటిలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్, అంటే కాపీ కాకుండా వేసే తాళం ఉండడం వల్ల, అది తెరుచుకోనంతవరకు డ్రైవే సెక్టార్లను ఇవ్వదు. మీవి ఇంటి వేడుక డిస్కులు గనుక ఆ ఇబ్బంది ఉండదు. వీఎల్‌సీలో కూడా మధ్యలో ఆగితే, ఏ నిమిషం దగ్గర ఆగిందో, పైవైపు పొర ఎలా ఉందో రాయండి.