ఆకు మీద బూడిద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తెగులు, అంటే బూడిద తెగులు, చుట్టూ తిరుగుతున్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాము. పంటలు వేరైనా చాలా ఉత్తరాల్లోని సందేహానికి మూలం ఒకటే కాబట్టి మొదటి జవాబు కొంత పెద్దదైంది. తక్కినవారు కూడా దానిని చదివిన తరువాతే తమ జవాబు చూసుకోవాలని మనవి.

ప్రశ్న: వరి కోతకు ముందు మడిలో చల్లిన మినుము నెల రోజుల వరకు బాగా ఎదిగింది. ఇప్పుడు కింది ఆకుల మీద పిండి జల్లినట్టు తెల్లటి మచ్చలు కనబడుతున్నాయి. వాన ఒక్క చినుకు లేదు, నీరు పెట్టిందీ లేదు. తడి లేకుండా తెగులు ఎలా వచ్చింది? నిరుడు ఇలాగే వస్తే మందుల దుకాణంలో ఇచ్చిన మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టాను, అయినా కాయ నిండలేదు. - ఒక రైతు, నరసన్నపేట

జవాబు: మీ చేనుకు వచ్చింది బూడిద తెగులు. తెగుళ్లన్నీ తడి ఆకు మీదే పుడతాయన్న మన నమ్మకాన్ని తలకిందులు చేసేది ఇదే. చాలా శిలీంధ్రాల సిద్ధబీజాలు, అంటే వాటిని వ్యాపింపజేసే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు, మొలకెత్తడానికి ఆకు మీద నీటి పొర ఉండాలి. ఎరిసైఫీ పాలిగోని అనే ఈ శిలీంధ్రపు బీజం మాత్రం తనకు కావలసిన నీటిని తనలోనే దాచుకొని గాలిలో వస్తుంది. అందువల్ల దానికి గాలిలో తేమ ఉంటే చాలు. ఆకు మీద నీరు నిలిస్తే మొలక తగ్గిపోతుంది, గట్టి వాన పడితే పొడి కొట్టుకుపోతుంది. పగలు పొడి ఎండ, రాత్రి చలి, తెల్లవారుజామున మంచు ఉండే మన పుష్య మాఘ మాసాల వాతావరణం దానికి అన్ని విధాలా అనుకూలం. వాన లేదు కాబట్టి తెగులు రాకూడదని మీరు అనుకున్నారు, నిజానికి వాన లేదు కాబట్టే వచ్చింది.

ఈ శిలీంధ్రం ఆకు లోపలికి చొచ్చుకుపోదు. ఆకు పైపొర మీదే పోగులు పరచుకొని, పైపొర కణాల్లోకి సన్నని పీల్చు గొట్టాలు దింపి ఆహారం లాగుతుంది. బతికి ఉన్న ఆకు మీద తప్ప బతకలేదు కనుక ఆకును వెంటనే చంపదు. మొక్క పచ్చగానే ఉంది కదా అని రైతు పది రోజులు ఊరుకోవడానికి కారణం ఇదే. ఇంతలో వారం తిరగకముందే ఒక మచ్చ నుంచి కొత్త బీజాలు తయారై గాలికి పక్క మొక్కలకు చేరుతాయి. ఆకుల నుంచి కొమ్మలకు, కాయలకు పాకిన తరువాత ఆకులు పసుపుబారి రాలిపోతాయి, కాయలోని గింజ సన్నబడుతుంది. మీ కాయ నిండకపోవడం వెనుక ఉన్న కథ ఇంతే.

విత్తిన 30 నుంచి 35 రోజుల మధ్య రోజు విడిచి రోజు చేలోకి దిగి, పైనుంచి చూడడం కాక, మొక్కను వంచి కింది ఆకులను రెండు వైపులా చూడండి. మొదటి మచ్చలు కనబడినప్పుడే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేస్తే ఖర్చు తక్కువలో పని జరుగుతుంది. ఎకరానికి 200 లీటర్ల నీరు వాడితే 600 గ్రాములు సరిపోతుంది. మీ చేలో తెగులు ఇప్పటికే కింది ఆకులను దాటి ఉంటే గంధకం చాలదు. గంధకం రాబోయే బీజాన్ని ఆపుతుందే కాని, పాకిపోయిన పోగులను పెద్దగా తగ్గించదు. అప్పుడు ఆకులోకి ఇంకే మందులు కావాలి. హెక్సాకోనజోల్ 5 శాతం మందును లీటరుకు 2 మి.లీ. చొప్పున గాని, మైక్లోబ్యుటానిల్‌ను లీటరుకు 1 గ్రాము చొప్పున గాని కలిపి కొట్టండి. 10 నుంచి 15 రోజులకు రెండోసారి అవసరమైతే అదే మందు కాకుండా వేరే తరహా మందు ఎంచుకోండి. హెక్సాకోనజోల్, మైక్లోబ్యుటానిల్ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి ఒకదాని తరువాత మరొకటి కొట్టడం మార్చినట్టు కాదు. మధ్యలో గంధకం గాని, థయోఫానేట్ మిథైల్ గాని పడాలి.

మూడు మందులు కలిపి కొట్టడం గురించి కొంచెం నిష్ఠురంగానే చెప్పాలి. మీరు ఆ మందుల పేర్లు రాయలేదు కాని, ఇలాంటి మిశ్రమాల్లో ఒకటి పురుగు మందు, మరొకటి పూత మందు అయి, తెగులుకు పనికివచ్చేది ఒక్కటే ఉండడం నేను చాలాసార్లు చూశాను. అదీ చేను తెల్లబడిన తరువాత, పై ఆకులు మాత్రమే తడిసేలా కొట్టి ఉంటారు. ఇక పాత కరపత్రాల్లో ఇప్పటికీ కనిపించే డైనోక్యాప్ అనే బూడిద తెగులు మందును కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఎవరైనా మిగిలిన సరుకు ఇస్తామన్నా తీసుకోవద్దు.

ప్రశ్న: పల్లాకు తెగులును తట్టుకునే మినుము రకం వేశాము. అయినా బూడిద వచ్చింది. విత్తనం మోసమా? - చీపురుపల్లి

జవాబు: మోసమని అనలేము. పల్లాకు తెగులు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది, బూడిద శిలీంధ్రం వల్ల వస్తుంది. ఒకదానిని తట్టుకునే గుణానికి, రెండవ దానిని తట్టుకునే గుణానికి సంబంధం లేదు. ఒకప్పుడు మాగాణి రైతులు ఇష్టంగా వేసిన ఎల్.బి.జి. 17, అంటే కృష్ణయ్య మినుము, బూడిదను బాగా తట్టుకునేది, కాని పల్లాకుకు లొంగిపోయేది. పల్లాకు ఉధృతి పెరిగి రైతులు కొత్త రకాలకు మారినప్పుడు, ఆ పాత రక్షణను వదులుకున్నామన్న సంగతి చాలామందికి తట్టలేదు. మాగాణిలో పెసర వేసేవారికి మాత్రం ట్రాంబే పెసర, అంటే టి.ఎం. 96-2, బూడిదను తట్టుకునే రకంగా అందుబాటులోకి వచ్చింది. మీ వద్ద ఉన్న రకం ఏదైనా, ఆలస్యంగా పడిన విత్తనానికి బూడిద బాధ ఎక్కువ. ఎకరాకు 16 కిలోలు చాలినచోట భయంతో 25 కిలోలు చల్లితే మొక్కలు కిక్కిరిసి గాలి ఆడదు. వచ్చే ఏడాదికి ఈ రెండింటినీ సరిచేసుకోండి.

ప్రశ్న: మేడ మీద కుండీల్లో గుమ్మడి, బీర పాదులు పెంచుతున్నాను. ఆకుల మీద తెల్ల మచ్చలు వచ్చాయి. పొయ్యి బూడిద చల్లమని మా అత్తగారు, పాలు కొట్టమని పక్కింటివారు, వంట సోడా కలపమని ఇంకొకరు అంటున్నారు. తినే కాయలు కాబట్టి మందులు వద్దనుకుంటున్నాను. - ఒక గృహిణి, శ్రీకాకుళం పట్టణం

జవాబు: ముందు అది తెగులేనా అని చూడండి. కొన్ని గుమ్మడి రకాలకు ఈనెల మూలల్లో వెండి రంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. వేలితో రుద్దితే పొడి అంటుకుంటే తెగులు, అంటకపోతే ఆకు స్వభావం. ఆకు పైన ఈనెల మధ్య మూలలు తేలిన పసుపు మచ్చలు ఉండి, అడుగున బూజు ఉంటే అది బూజు తెగులు. దాని దారి వేరు, దానికి తడి కావాలి.

మీ ముగ్గురు సలహాదారుల్లో నేను పక్కింటివారి వైపు ఉన్నాను. పాల మాట వంటింటి వైద్యంలా వినిపించినా, బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి కుటుంబపు జుకినీ మొక్కల మీద ఆవు పాలను నీటిలో కలిపి ప్రయోగించి, 10 శాతం పాలు మందులతో సమానంగా బూడిదను అణచాయని 1999లో ప్రచురించారు. ఒక పాలు పాలకు తొమ్మిది పాళ్లు నీరు కలిపి, ఎండ పడే ఉదయం వేళ ఆకు రెండు వైపులా తడిసేలా వారానికి ఒకటి రెండుసార్లు కొట్టండి. (పాలు అన్న మాట ఇక్కడ రెండు అర్థాల్లో వచ్చింది, మన్నించాలి.) ఇది మచ్చలు నాలుగైదు ఉన్నప్పుడు పనిచేస్తుంది, పాదు అంతా తెల్లబడ్డాక కాదు. వంట సోడా కొంత పనిచేసినా, కుండీ మట్టిలో సోడియం పేరుకొని వేరుకు చేటు చేస్తుంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే అది మేలు. అత్తగారి బూడిద ఆకు మీద పడి ఉన్న తెగులును కనబడకుండా చేస్తుంది, అంతవరకే.

గంధకం గుమ్మడి జాతి లేత ఆకులను మాడ్చవచ్చు. ఎండ 35 డిగ్రీలకు చేరే రోజుల్లో ఏ మొక్కకూ కొట్టరాదు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపల గంధకం వాడరాదన్న నియమం కూడా పెరటివారు తరచుగా మరచిపోతారు.

ప్రశ్న: మామిడి పూత మీద బూడిద పట్టింది. పూత నిండుగా ఉంది. ఇప్పుడు మందు కొట్టవచ్చా? - కొత్తవలస

జవాబు: నిండు పూతలో కొట్టకండి. పరాగాన్ని చేరవేసే ఈగలు, తేనెటీగలు ఆ వారం పది రోజులే మీ తోటలో పనిచేస్తాయి, వాటిని తరిమితే తెగులు పోయినా పిందె పడదు. మామిడి బూడిదకు సరైన మొదటి పిచికారీ పూమొగ్గలు విచ్చుకోకముందు, నీటిలో కరిగే గంధకంతో చేయాలి. రెండవది పిందెలు బఠానీ గింజంత అయ్యాక, హెక్సాకోనజోల్ లీటరుకు 2 మి.లీ. చొప్పున చేయాలి. మీరు మొదటిది తప్పిపోయారు కాబట్టి రెండవ దానికి సిద్ధంగా ఉండండి. పూత మీద నల్లగా, జిగటగా కూడా ఉంటే అది తేనెమంచు పురుగు, దాని వెంట వచ్చిన మసి. దానికి బూడిద మందు పనిచేయదు.

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో లైసెన్సు ఉన్న గ్రీన్‌హౌస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ గంజాయి మొక్కలకు బూడిద తెగులు పెద్ద తలనొప్పి అంటాడు. మన మినుముకు కొట్టే మందు అక్కడ ముట్టుకోనివ్వరట. ఎందుకని? - విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: కెనడాలో గంజాయి 2018 అక్టోబరు నుంచి చట్టబద్ధం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే కనుక, దీనిని వృక్షశాస్త్ర ప్రశ్నగానే తీసుకుంటున్నాను. ఆ మొక్కకు వచ్చేది గొలొవినోమైసిస్ అనే వేరే ప్రజాతి శిలీంధ్రం, మన మినుము బూడిద దానికి అంటదు. అయితే గుణం ఒకటే. గ్రీన్‌హౌస్‌లో వాన పడదు, చలి పెరగదు, మొక్కలన్నీ ఒకే తల్లి మొక్క నుంచి కత్తిరించిన కొమ్మలు. ఒక కొమ్మ మీద కనబడకుండా వచ్చిన తెగులు గది మొత్తానికి పాకుతుంది. అందుకే వారు కొత్త కొమ్మలను కొన్నాళ్లు విడిగా ఉంచి చూస్తారు, కింది ఆకులు తీసేసి గాలి ఆడనిస్తారు, ఫ్యాన్లు నడుపుతారు, దీపాలు ఆరిన రాత్రి వేళ పెరిగే తేమను యంత్రాలతో లాగేస్తారు. తెగులు కనబడితే పొటాషియం బైకార్బొనేట్, బాసిల్లస్ సబ్టిలిస్ వంటి జీవ శిలీంధ్రనాశకాలు వాడతారు. గంధకమైతే పూత రాకముందే. పూత మీద పడిన గంధకం సరుకు వాసననూ రుచినీ చెడగొడుతుంది.

మందు సంగతి మరీ ఆలోచింపజేసేది. మైక్లోబ్యుటానిల్ వాడిన మినపపప్పును మనం కడిగి, ఉడికించి తింటాము. గంజాయి పువ్వును కొందరు కాల్చి పొగ పీలుస్తారు. బాగా వేడెక్కినప్పుడు మైక్లోబ్యుటానిల్ నుంచి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పుడుతుంది. వైద్యం కోసం అమ్మిన గంజాయిలో ఈ మందు అవశేషాలు బయటపడి, 2016, 2017 ప్రాంతంలో అక్కడ సరుకు వెనక్కి తెప్పించారు. మీ అబ్బాయిని ముట్టుకోనివ్వనిది అందుకే.

ఇదే ఉత్తరంలో మీరు మీ ఊరి పొలాల్లో 'అలాంటి ఆకులే' చూశానని రాశారు. అది బహుశా గోగునార పైరు. దానిలో ఒక జాతి ఆకులు చీలికలతో గంజాయిని పోలి ఉండడం వల్లనే శాస్త్రజ్ఞులు దానికి హైబిస్కస్ కెన్నాబినస్ అని పేరు పెట్టారు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగునార రకాల మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. కంగారు పడనక్కరలేదు.

ప్రశ్న: మిరప ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున తెల్ల పొడి. గంధకం రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. - గజపతినగరం

జవాబు: మిరప బూడిద మిగతావాటిలా పైపొర మీద ఆగదు, ఆకు లోపలికి వెళ్లి అడుగు నుంచి బయటపడుతుంది. కాబట్టి పైన కొట్టిన గంధకానికి అది అందలేదు. ఆకులోకి ఇంకే మందును, నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి, అడుగు తడిసేలా కొట్టండి. రాలిన ఆకులను సాళ్లలో వదలకుండా ఏరి కాల్చివేయండి.

ప్రశ్న: బూడిద పట్టిన మినుమును నూర్చిన తరువాత ఆ పొట్టు పశువులకు వేయవచ్చా? - టెక్కలి

జవాబు: చివరి పిచికారీ తరువాత మందు డబ్బా మీద రాసిన నిరీక్షణ రోజులు గడిచాయో లేదో ముందు లెక్క చూసుకోండి. గడవకపోతే వేయవద్దు. గడిచి ఉంటే, పొట్టును కళ్లంలో బాగా ఎండబెట్టి, తూర్పారబట్టి పొడి ఎగిరిపోయిన తరువాత, ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా వేయవచ్చు. తూర్పారబట్టేవారు ముక్కుకు తువ్వాలు కట్టుకోవాలి.