డిస్కౌంట్‌ను క్యూ తినేస్తోందా?

ప్రశ్న: మేడమ్, నాకు ఒకే కౌంటర్ ఉన్న చిన్న సర్వీస్ సెంటర్ ఉంది. గిరాకీ పెరగాలని డిస్కౌంట్ పెట్టాను. మొదట్లో జనం బాగా వచ్చారు. ఇప్పుడు ఎప్పుడు చూసినా క్యూయే. కొత్తవాళ్లు పెరగడం లేదు, పాత కస్టమర్లు కొందరు రావడం మానేశారు. రేటు ఇంకా తగ్గిద్దామని మా పార్ట్‌నర్ అంటున్నాడు. తగ్గించమంటారా?

జవాబు: వద్దండి. ఇంకా తగ్గిస్తే క్యూ ఇంకాస్త పొడవవుతుంది, అంతే.

వచ్చే మనిషి మీకిచ్చే డబ్బు ఒక్కటే లెక్కేసుకోడు. నిలబడే సమయాన్ని కూడా ధరలో కలుపుకుంటాడు. మీరు రేటు తగ్గించగానే ఆ మొత్తం ధర తగ్గింది, జనం వచ్చారు. జనం రావడంతో క్యూ పెరిగి ఆ ధర మళ్లీ పైకి లేచింది. ‘ఈ తగ్గింపు కోసం ఇంతసేపు నిలబడటం గిట్టదు’ అని కొత్తవాళ్లకు అనిపించిన చోట పెరుగుదల ఆగింది. సమతౌల్యం అంటే ఇదే. తీరిక లేని పాత కస్టమర్లకు మీరిచ్చే తగ్గింపు కంటే పోయే సమయమే ఖరీదు, అందుకే వెళ్లిపోయారు. మీరు వదులుకున్న డబ్బులో చాలా భాగం ఎవరి జేబులోకీ చేరకుండా నిలబడటంలోనే కరిగిపోతోంది. నాకు బాధనిపించేది అదే.

క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన లెక్క చూడండి. కౌంటర్ గంటకు సగటున 20 మంది పని చేయగలదనుకుందాం. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ ఒకేలా ఉండదు, అందుకే ఆ 20కి లోపే వచ్చినా క్యూ కడుతుంది. గంటకు 16 మంది వస్తుంటే, వచ్చినప్పటి నుంచి పని ముగిసేదాకా ఒక్కొక్కరికి సగటున 15 నిమిషాలు పడుతుంది. 18 మంది వస్తే 30 నిమిషాలు. 19 మంది వస్తే ఏకంగా గంట! పెరిగింది ఒక్కరే, సమయం రెట్టింపైంది.

ఆ ఒక్కరూ తన ఆలస్యం చూసుకుంటారు గానీ, తన వల్ల ఇతరులకయ్యే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోరు. తప్పు పట్టలేం, ఎవరైనా అంతే. నావోర్ అనే పరిశోధకుడు 1969లో గణితంతో చూపించింది ఇదే: ఎవరి లాభం వాళ్లు చూసుకుని చేరితే, అందరికీ మేలు చేసే పొడవును క్యూ దాటిపోతుంది. చేరడానికి తగిన రుసుము పెడితే అదుపులోకి వస్తుంది. రద్దీ వేళ డిస్కౌంట్ అంటే ఆ రుసుముకు పూర్తిగా ఎదురు పని!

అలాగని డిస్కౌంట్ ఎత్తేయమనను. దాన్ని ఖాళీ గంటలకు మార్చండి, రద్దీ గంటల్లో పూర్తి రేటే ఉంచండి. తర్వాత 1996లో నోబెల్ గెలుచుకున్న ఆర్థికవేత్త విలియం విక్రీ కూడా, 1969లోనే, రోడ్ల రద్దీకి ఇలాంటి మందే చెప్పారు: వేళను బట్టి టోల్ మారితే క్యూలో వృథాగా పోయే సమయం విలువ టోల్ డబ్బుగా చేతికొస్తుంది. తీరికున్నవాళ్లు ఖాళీ గంటలకు జరుగుతారు, తొందరున్నవాళ్లు డబ్బు పెట్టి త్వరగా వెళ్తారు. ‘ఈ తేదీతో ఆఖరు’ అనే బోర్డు మాత్రం పెట్టకండి, అందరూ ఆ రోజే వస్తారు. కౌంటర్‌లో పనిచేసేవాళ్లకు తలకింత అని ఇన్సెంటివ్ ఇచ్చినా జాగ్రత్త. హడావిడిలో చెడిన పని మళ్లీ క్యూలోకే వస్తుంది.

ముందు ఒక వారం పాటు ఏ గంటకు ఎంతమంది వస్తున్నారో రాసిపెట్టుకోండి. ఖాళీ గంటలంటూ లేకపోతే, డిస్కౌంట్‌కు పోయే డబ్బుతో రెండో కౌంటర్ తెరవండి.