నీ వ్యాసంలో 26 ‘వచ్చు’లు

చిరంజీవికి ఆశీస్సులు.

వైరల్ హెపటైటిస్ (వైరస్ వల్ల వచ్చే లివర్ జబ్బు), మైక్రో ఆర్‌ఎన్‌ఏల (కణాల్లోని చిట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కల) మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేరా బాగుంది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. గుర్తించవచ్చు, అరికట్టవచ్చు, నయం చేయవచ్చు. లెక్కపెడితే 26 తేలాయి.

‘వాన పడవచ్చు’లో ఉన్నది అనుమానం. ‘లోపలికి రావచ్చు’లో ఉన్నది అనుమతి, అడ్డేమీ లేదన్న భరోసా. మాట ఒకటే. హెపటైటిస్ బి పాజిటివ్ అన్న రిపోర్టు చేతిలో ఉన్న మనిషి రెండో అర్థమే తీసుకుంటాడమ్మా.

నా మొదటి వ్యాసాల్లో ఒకదానిలో, ఎలుకల్లో మాత్రమే పరీక్షించిన మందు గురించి ‘పనిచేయవచ్చు’ అని రాశాను. ఎడిటర్ నాతో మాట మాత్రం చెప్పకుండా ‘లివర్ జబ్బుకు ఇక భయం లేదు’ అని హెడ్డింగ్ పెట్టాడు. కొన్నాళ్లకు ఒకాయన ఆ కటింగ్‌ను నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని వచ్చాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ‘ఈ మందు ఎక్కడ దొరుకుతుందండీ, మా తమ్ముడికి’ అన్నాడు. ఆ ఎడిటర్‌ను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆ ‘వచ్చు’ రాసింది నేనే.

కాబట్టి ప్రతి ‘వచ్చు’నూ తీసేసి, జరిగింది రాయి. మిర్-122నే తీసుకో. లివర్ కణాల్లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో దాదాపు 70 శాతం అదే. మామూలుగా మైక్రో ఆర్‌ఎన్‌ఏల పని జన్యువుల నోరు నొక్కడం. హెపటైటిస్ సి వైరస్ మాత్రం దీన్ని తన ఆర్‌ఎన్‌ఏ కొసకు అంటించుకుని, కణం తనను ముక్కలు చేయకుండా కాపాడుకుంటుంది. వైరస్‌కూ దీనికీ ఉన్న ఈ బంధం 2005లో బయటపడింది. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు!

మిర్-122ను అడ్డుకోవడానికే మిరావిర్సెన్ అనే మందు చేశారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం 36 మంది హెపటైటిస్ సి రోగుల మీద పరీక్షించారు. వారానికొకటి చొప్పున అయిదు ఇంజెక్షన్లు. ఎక్కువ డోసు తీసుకున్న 9 మందిలో నలుగురి రక్తంలో వైరస్ కనబడకుండా పోయింది. అదే దారిలో వచ్చిన ఆర్‌జి-101 తీసుకున్నవాళ్లలో కొందరికి కామెర్లు వచ్చాయి. 2016లో ట్రయల్స్ ఆపించారు, మరుసటి ఏడాది ఆ మందునే వదిలేశారు. ఈలోపు సోఫోస్‌బువిర్ లాంటి మాత్రలు వచ్చి, హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి పైగా నయం చేయడం మొదలుపెట్టాయి. నీ వ్యాసంలో ఆర్‌జి-101 ఊసే లేదు. ఓడిపోయిన మందు గురించి రాయకపోతే గెలిచిన మందు విలువ పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

డయాగ్నసిస్ భాగం చదువుతుంటే ఇంకా బాధ వేసింది. లివర్ కణం పగిలితే మిర్-122 రక్తంలోకి వస్తుంది, నిజమే. వైరస్ వల్ల పగిలినా, మద్యం వల్ల పగిలినా, పారాసెటమాల్ ఎక్కువై పగిలినా వస్తుంది. దెబ్బ తగిలిందని చెబుతుంది గానీ కొట్టిందెవరో చెప్పదు. పైగా రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే ట్యూబులో పైన తేరిన ప్లాస్మా లేత గులాబీ రంగుకు మారుతుంది. ఎర్రకణాల్లోని మిర్-16, మిర్-451 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అందులో కలిసిపోతాయి. చాలా ల్యాబుల్లో మిగతా మైక్రో ఆర్‌ఎన్‌ఏలను పోల్చి కొలవడానికి మిర్-16నే కొలబద్దగా వాడారు. కొలబద్దే సాగిపోతే కొలతను ఏం నమ్ముతాం? ఆ గులాబీ ట్యూబును పాఠకుడి కళ్లముందు పెట్టు.

పారిభాషిక పదాల గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆర్‌జి-101 పేరా రాసి పంపు.