చిల్లర ప్రశ్నలు

(జవాబులు రాసేది తిరుపతి–చిత్తూరు రూట్లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన)

కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పు వెంకన్నకి ఇంకా తీరలేదంటారు. హుండీలో అంత డబ్బు పడుతుంటే తీరకపోవడమేంటి సార్? లెక్కలు ఎవరు చూస్తున్నారు?
– ఒక బీకామ్ విద్యార్థి, తిరుపతి

లెక్కలు చూసేది అన్నగారు నాయనా. గోవిందరాజస్వామి గుడికి ఒకసారి పోయి చూడు. ఆయన పడుకుని ఉంటాడు కదా, తలకింద ఏముంది? కుంచం. తమ్ముడి అప్పు కోసం డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని ఒరిగాడని మా అవ్వ చెప్పేది. చరిత్రకారులు ఇంకోటి చెబుతారు. ఆ స్వామి చిదంబరం నుంచి వచ్చాడనీ, 12వ శతాబ్దంలో రామానుజులవారు ఇక్కడ ప్రతిష్ఠించారనీ. ఉండనీ. నాకు మాత్రం కుంచం కథే దగ్గర. డ్యూటీ దిగి, క్యాష్ కట్టేసి, ఖాళీ తోలుసంచి తలకింద పెట్టుకుని బెంచీ మీద ఒరిగినవాణ్ని నేను. రూపాయి తేడా వస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆయనది కలియుగాంతం దాకా సాగే లెక్క. అందులోనూ ఇప్పుడు కడుతున్నది వడ్డీయే, అసలు కాదు. వడ్డీకాసులవాడన్న పేరు ఊరికే వచ్చిందా? ఇదంతా పరీక్షలో రాయకు.

మా మామగారు ఒకే కథ ఎన్నిసార్లయినా చెబుతారు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారుస్తారు. పిల్లలకి అబద్ధాలు నేర్పినట్టు కాదా?
– ఒక కోడలు, పలమనేరు

అమ్మా, మీ వైపు ఊళ్లలో ఎండాకాలం భారతం జరుగుతుంది కదా. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో అర్జున తపస్సు నాడు ఏం చేస్తారు? మైదానం మధ్యలో ఆకాశమంత మాను పాతుతారు. అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుతూ దాన్ని ఎక్కుతాడు. వ్యాసుడి అర్జునుడు హిమాలయాలకి పోయి తపస్సు చేశాడే కానీ మాను ఎక్కలేదు. బెజవాడ వాళ్లని అడిగితే ఇంద్రకీలాద్రి మాదే అంటారు. మన జిల్లాలో ఆ కొండే మాను అయింది. ఎవరైనా అబద్ధమన్నారా?

చిన్నప్పుడు నేను ఆ మాను మొదట్లో కూర్చుని చూశాను. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో కింద సాష్టాంగపడి ఉన్నారు. అర్జునుడు సగం ఎక్కి ఆగి, పద్యం మధ్యలో చందా ఇచ్చినవాళ్ల పేర్లు చదివాడు. బియ్యం మిల్లు ఓనరు పేరు రెండుసార్లు వచ్చింది. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి చల్లాడు. ఒక నిమ్మకాయ నా నెత్తిన పడింది. మా అమ్మ దాన్ని లాక్కుని చెంగున కట్టుకుంది. తరువాతి ఏడు నాకు తమ్ముడు పుట్టాడు. దానికి కారణం నిమ్మకాయేనని మా అమ్మ చివరిదాకా వాదించింది. మా నాయన ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక తెల్లవారుజామున ఇంకో ఊరి అర్జునుడు నా బస్సెక్కాడు. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు, మోకాళ్లు గీరుకుపోయి ఉన్నాయి. టికెట్టు రెండు ముప్పావలా. ఐదు నోటిచ్చాడు. చిల్లర లేదు. "పాశుపతం తెచ్చుకున్నోడివి, చిల్లర తెచ్చుకోలేదా సామీ?" అన్నాను. బస్సంతా నవ్వింది. టికెట్టు వెనక రెండుంపావలా అని రాసిచ్చాను. సీట్లో కూలబడ్డవాడు కూలబడ్డట్టే నిద్రపోయి, స్టాపు రాగానే ఉలిక్కిపడి దిగిపోయాడు. చిల్లర అడగలేదు, నాకూ గుర్తు రాలేదు. అలా నేను అర్జునుడికి రెండుంపావలా బాకీ.

ఈ కథ నేను చెప్పినప్పుడల్లా బాకీ లెక్క మారుతుందని మా ఇంటావిడ అంటుంది. ఒకసారి పదిహేను రూపాయల దాకా పోయిందట. మీ మామగారిని చెప్పనివ్వండి. తప్పులు పిల్లలే పట్టుకుంటారు, దాంతో కథ వాళ్లకి నోటికొస్తుంది.

సిగరెట్టు మానేశానని మా ఆయన కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేశాడు. నమ్మొచ్చా?
– పేరు వద్దు, చిత్తూరు

నమ్మండి. చొక్కా జేబు వాసన కూడా చూడండి. అక్కడి ఏటికి బాహుదా అని పేరెలా వచ్చిందో ఆయనకి చెప్పండి. లిఖితుడు అన్న తోటలో అడక్కుండా పళ్లు తిన్నాడు. అన్న శంఖుడు "రాజు దగ్గరికి పోయి ఒప్పుకో" అన్నాడు. రాజు చేతులు నరికించాడు. ఏట్లో మునిగితే మళ్లీ వచ్చాయి. ఇది మహాభారతంలో ఉన్న కథే. అయితే ఏట్లో ఇప్పుడు మునిగేన్ని నీళ్లు ఎప్పుడోగానీ ఉండవని కూడా చెప్పండి.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా వాడు గంగమ్మ జాతరకి వచ్చి ఆడవేషం వేస్తానంటున్నాడు. చుట్టాలేమంటారోనని ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, తిరుపతి

మే నెలలో మన ఊళ్లో మీసాలున్న ఆడవాళ్లకి కొదవా తల్లీ! ఊరి ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ని పట్టుకోవడానికి గంగమ్మ వేసిన వేషాలే ఇవన్నీ. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషంలో వాడు దొరికాడు, తల తెగింది. వాణ్ని చంపాక కూడా ఆమె ఆగలేదు. వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి మాతంగి వేషంలో వెళ్లిందంటారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ వేషమే.

ఒక జాతర రోజు ఆరడుగుల మనిషి, పట్టుచీర, జడగంటలు, బుర్రమీసం, నా బస్సులో ఆడవాళ్ల సీట్లో కూర్చున్నాడు. ఒక ముసలామె లేపమంది. "నేను గంగమ్మని" అన్నాడు. "అయితే నువ్వే నిలబడు తల్లీ, మాకంటే నీకు శక్తి ఎక్కువ" అంది ఆమె. లేచి నిలబడ్డాడు పాపం. మీ వాడికి మీ మంచి చీర ఇవ్వకండి, అంతే. పిన్నీసులు మాత్రం ఎక్కువ పెట్టండి.

మద్రాసు మన చంద్రగిరి రాజులదే అని మా తాత గొడవ. నిజమేనా?
– ఒక మనవడు, చంద్రగిరి

సగం. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి అక్కడ కోట కట్టుకోవడానికి అనుమతిచ్చాడు. ఆయన పైవాళ్లు విజయనగర రాయలు, వాళ్ల కోటే మీ ఊళ్లోది. అద్దెకొచ్చినవాడు ఇంటి ఓనరైన కథలు మీ వీధిలోనూ ఉంటాయి, తాతనే అడుగు. ఆ ఊపులో చెన్నై బస్సెక్కి టికెట్టు వద్దంటే మాత్రం కండక్టరు ఒప్పుకోడు.

స్వామికి గడ్డం మీద తెల్లగా ఏంటి తాతా?
– ఆరో తరగతి, పీలేరు

పచ్చకర్పూరం బంగారూ. అనంతాళ్వారనే భక్తుడు పూలతోటకి చెరువు తవ్వుతున్నాడు. నిండు చూలాలైన భార్య మట్టి మోస్తోంది. ఒక పిల్లాడొచ్చి తట్ట అందుకున్నాడు. "మా పనిలో నీకేం వాటా?" అని ఆయన గడ్డపార విసిరితే గడ్డానికి తగిలింది. ఆ పిల్లాడెవరో తర్వాత గుళ్లో రక్తం చూశాకగానీ తెలియలేదు. ఆ గాయానికే ఈ కర్పూరం. ఆ గడ్డపార మహాద్వారం దగ్గర ఇప్పటికీ వేలాడుతోంది. జనం తోస్తారు, అయినా తలెత్తి చూడు. మీ అమ్మ చెయ్యి మాత్రం వదలొద్దు.