పెంచలకోన వాగులో తెల్ల తోక, ఎర్ర తోక

ప్రశ్న: పెంచలకోనలో దర్శనం చేసుకుని వాగు వెంట కాస్త పైకి నడిచాం. ఒక కొమ్మ మీద నల్ల తల, తెల్లటి ఒళ్లు, జానెడుకు మించిన తోక ఉన్న పిట్ట కనిపించింది. కాసేపటికి ఇటుకరంగుది వచ్చింది, దానికీ అంతే తోక. అవి ఆడా మగా అని నేను, వేరే వేరే జాతులని మావారు పందెం వేసుకున్నాం. ఎవరు గెలిచినట్టు?
– ఒక పాఠకురాలు, రాపూరు

జవాబు: ఇద్దరూ ఓడారమ్మా! రెండూ మగవే, జాతీ ఒకటే. ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ అంటారు. తెలుగులో తోక పిగిలిపిట్ట. ఒకప్పుడు నెల్లూరులో డాక్టరుగా పనిచేస్తూ పిట్టలను పరిశీలించిన జెర్డన్ దొర కూడా ఈ తెలుగు పేరు రాసిపెట్టుకున్నాడు.

ఆడదానికి అంత తోక ఉండదు. మగది మొదట ఇటుకరంగులోనే ఉంటుంది, పొడుగు తోక రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత కొన్ని తెల్లబడతాయి, కొన్ని ఎర్రగానే ఉండిపోతాయి. అందుకే రంగును నమ్మకండి, గొంతు చూడండి. తలతో పాటు గొంతు కూడా నల్లగా ఉంటే మగది, బూడిదరంగులో ఉంటే ఆడది. ఎర్ర ఒళ్లు, పొట్టి తోక, నల్ల గొంతు ఉంటే ఇంకా తోక రాని కుర్ర మగపిట్ట. తోక లేనివాటి జుట్టు చూసి మామూలు పిగిలిపిట్ట, అంటే బుల్బుల్ అనుకుంటారు చాలామంది. కంటి చుట్టూ నీలం వలయం ఉంటే తోక పిగిలిపిట్టేనని తేలిపోతుంది.

వెంటపడితే మాత్రం దక్కదు. మధ్యాహ్నం దాటాక, నీడపట్టున నీళ్లు నిలిచిన చిన్న మడుగు చూసుకుని కదలకుండా కూర్చోండి. కొమ్మ మీంచి నీళ్లలోకి దూకుతుంది, తడిసి మళ్లీ కొమ్మెక్కుతుంది. దాని స్నానం అదే. మధ్యలో గాల్లోనే ఒక పురుగును పట్టేస్తుంది. ఇంత అందగాడి పిలుపు మాత్రం గరగరా ఉంటుంది, వింటే నవ్వొస్తుంది.

మే నుంచి జులై దాకా గూళ్ల కాలం. పెద్ద ఎత్తులో కాదు, సన్నటి కొమ్మ పంగలో సాలెపట్టుతో అల్లిన చిన్న గూడు. మగదీ పొదుగుతుంది, తోకేమో బయటికి వేలాడుతుంటుంది. ఫోటో కోసం అడ్డొచ్చిన ఆకులు తుంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆకులు పోతే గూటి మీద ఎండ పడుతుంది, కాకి కంటా పడుతుంది. గూడు కనిపిస్తే దూరం నుంచి బైనాక్యులర్‌తో చూసి వచ్చేయండి. మీవారినీ మాట్లాడకుండా ఉండమనండి.