ప్రశ్నలూ జవాబులూ: ఇంటిల్లిపాదీ కలిసి విన్న గొంతు

ప్రశ్న: ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటున్నా ఎవరి ఫోను వారిదే అవుతోంది. అష్టాచమ్మా గీసి పిల్లలను కూర్చోబెడితే కాసేపటికే లేచిపోతున్నారు. వారిని ఆటలో నిలబెట్టే మార్గం చెప్పగలరా?

జవాబు: లోపం ఆటలో ఉందని అనుకోను. తమ చిన్ననాటి ఆటను పెద్దలు ఒక పాఠంలా అప్పజెప్పినప్పుడు పిల్లలు దానిని బడి పని కిందే జమకట్టుకుంటారు. వారిని పిలవడం మానేసి, ఇంట్లోని పెద్దవారే గవ్వలు పట్టుకుని కూర్చోండి. నాలుగు గవ్వలూ బోర్లా పడి అష్టా వచ్చినప్పుడు గట్టిగా కేక వేయండి, పండబోతున్న కాయను చంపినప్పుడు నిజంగానే తగవుపడండి. ఆ సందడికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి చేరతారు. వచ్చాక మాత్రం వారి సంతోషం కోసం ఓడిపోయినట్లు నటించకండి, ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్న: ఎంతో కాలంగా అనుకుని, మా అత్తగారితో సహా అందరం విశాఖపట్నం నుంచి రైలులో అరకు వెళ్లాము. చూడవలసినవన్నీ కాగితం మీద రాసుకుని మరీ బయలుదేరినా, వాన వల్ల అందులో సగం కూడా చూడలేకపోయాము. తీరా ఇంటికి వచ్చాక పిల్లలు బొర్రా గుహల మాటే ఎత్తడం లేదు. రైలు సొరంగంలో దూరిన ప్రతిసారీ వేసిన కేకల గురించే చెప్పుకుని నవ్వుకుంటున్నారు. డబ్బు వృథా అయిందని మావారు బాధపడుతున్నారు.

జవాబు: మీవారికి నా మాటగా చెప్పండి, ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చులో చాలా భాగం సొరంగాల్లోనే గిట్టుబాటు అయింది. నిజానికి ఆ రైలు మార్గాన్ని విహారయాత్రికుల కోసం వేయలేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి వేశారు. అందాలు చూడడానికి అద్దాల పెట్టె 2017లో గాని రాలేదు. సముద్రతీరాన బయలుదేరిన రైలు శిమిలిగూడ చేరేసరికి దాదాపు 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, దారిలో యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది. పెట్టె చీకటి కాగానే పిల్లలూ బామ్మా ఒకే రకంగా కేక వేయగల చోటు మరెక్కడ దొరుకుతుంది? గుహల్లోని సున్నపురాతి ఆకారాలు నీటిచుక్కలతో వేల ఏళ్లుగా పెరుగుతూ వచ్చినవి, మీ పిల్లలు పెద్దవారై మళ్లీ వెళ్లేదాకా అవి ఎక్కడికీ పోవు. ఈసారి రోజుకు ఒక్క చోటు మాత్రమే అనుకుని బయలుదేరండి. చూడలేకపోయిన వాటి లెక్క చెప్పడం ముందుగా పెద్దలే మానుకోవాలి.

ప్రశ్న: 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పోయినప్పుడు మా నాన్నగారు ఆ రోజంతా భోజనం ముట్టలేదు. సొంత అన్నగారు పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి. ఇప్పటికీ బాలుగారి పాట వినిపిస్తే మాట్లాడకుండా లేచి వెళ్లిపోతారు. ఎన్నడూ కలవని మనిషి కోసం ఇంత దుఃఖం సహజమేనా?

జవాబు: కలవలేదని మీరు అంటున్నారు గాని, మీ నాన్నగారు ఆ మాటకు ఒప్పుకుంటారని నేను అనుకోను. 1966లో తొలి సినిమా పాట పాడిన ఆ గొంతు, యాభై ఏళ్లకు పైగా రేడియోలోనూ, పెళ్లి పందిళ్లలోనూ, బస్సుల్లోనూ ఆయన వెంట ఉంది. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలైన తరువాత ఆ మనిషి మీ ముందు గదిలోకే వచ్చి, పాడే పిల్లల ఉచ్చారణ సరిదిద్దుతూ, ఒక్కొక్క పాట వెనుక ఉన్న కవినీ స్వరకర్తనూ పేరుపేరునా తలచుకుంటూ కూర్చున్నారు. ఏడాదికోసారి వచ్చే బంధువు కన్నా ఆయన ఎక్కువగా వచ్చి ఉంటారు.

అన్నగారి విషయంలో కన్నీరు రాకపోవడానికి కారణం ప్రేమ తక్కువ కావడం కాదు. ఇంట్లో మరణం సంభవించినప్పుడు కబురు పంపడం, వచ్చినవారిని చూసుకోవడం, కర్మకాండ జరిపించడం వంటి పనులన్నీ మీద పడి, ఏడవడానికి తీరిక లేకుండా పోతుంది. తీరిక దొరికేనాటికి ఏడవడం బాగుండదనిపిస్తుంది. గాయకుడి మరణంలో మీ నాన్నగారికి ఏ బాధ్యతా లేదు. అందువల్ల అంతకుముందు దాచుకున్న దుఃఖం కూడా ఆ రోజు కలిసి వచ్చి ఉండవచ్చు. పైగా ఆగస్టు ఆరంభం నుంచి ఏడు వారాలకు పైగా ఆసుపత్రి ప్రకటనల కోసం ఎదురుచూసి, ఆశపడి, చివరికి ఆ వార్త విన్నారు. కరోనా రోజులు కావడంతో నలుగురూ ఒకచోట చేరి తలచుకునే అవకాశమూ లేకపోయింది.

ఆయన లేచి వెళ్లినప్పుడు పాట ఆపేయకండి, వెనుకే వెళ్లి ఓదార్చనూ వద్దు. మరో రోజు, పాట వినిపించని వేళ చూసి, బాలుగారి పాటల్లో ఏది ఎక్కడ, ఎవరితో కలిసి విన్నారో అడగండి. ఆ జవాబుల్లో మీ పెదనాన్నగారి పేరు వస్తుందని నా అనుమానం.

ప్రశ్న: ‘శంకరాభరణం’ విడుదలైన ఫిబ్రవరి 2నే, 2023లో కె. విశ్వనాథ్‌గారు కన్నుమూశారు. అందులో పాడిన వాణీ జయరాంగారు ఫిబ్రవరి 4న వెళ్లిపోయారు. ఇది దైవసంకల్పం కాదంటారా?

జవాబు: కాకతాళీయమే అంటాను. 1980లో ఆ చిత్రం విడుదలైన తేదీ మీకు ఇన్నేళ్ల తరువాత కూడా గుర్తుండబట్టే ఈ ప్రశ్న పుట్టింది, నాకు అదే ముచ్చటగా ఉంది. ఆ పాటలకు బాలుగారికీ వాణీ జయరాంగారికీ జాతీయ పురస్కారాలు వచ్చాయన్న సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది.

ప్రశ్న: కళాకారులు పోయిన ప్రతిసారీ అందరూ ‘తీరని లోటు’ అన్న మాటే రాస్తున్నారు. నాకు అలా రాయాలనిపించదు. మరి నివాళి ఎలా అర్పించాలి?

జవాబు: రాయకపోతే ఎవరూ తప్పుపట్టరు. తనకు మొదటి అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణిగారి పేరును బాలుగారు తన రికార్డింగ్ స్టూడియోకు పెట్టుకున్నారు. అక్కడ పాడడానికి వచ్చే ప్రతివారూ ఆ పేరు చదివే లోపలికి వెళ్లారు. మనకు స్టూడియోలు లేకపోయినా, అభిమానించిన గాయకుడి పాట ఒకటి పల్లవితో ఆపేయకుండా రెండు చరణాలూ నేర్చుకోవచ్చు. శ్రుతి కుదరకపోతే ఇంట్లోవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.