మోటు పనికీ ఆత్మరక్షణకూ ఒకే మడత కత్తి: ఏది కొనాలి?

మీరడిగింది ఇది: రోజూ తాళ్లు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పట్టీలు కోసినా చెక్కు చెదరకూడదు, రాత్రిపూట ఒంటరిగా నడిచేటప్పుడు జేబులో ఉంటే ధైర్యంగానూ ఉండాలి, అలాంటి మడత కత్తి ఏది? నేను సరుకు గోడౌన్‌లో పనిచేస్తాను. లోడు దించడం, కట్లు విప్పడం, పాత టార్పాలిన్లు కోసి అతుకులు వేయడం మా రోజువారీ పని. ఏళ్లుగా మడత కత్తి జేబులో లేకుండా డ్యూటీకి వెళ్లలేదు. కాబట్టి మొదటి సగం గురించి గట్టిగా చెప్పగలను. రెండో సగం గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. కత్తిని పూర్తిగా పని కోసమే ఎంచుకోండి, ఆత్మరక్షణను ఆ లెక్కలోకే తీసుకురావద్దు. ఎందుకో కింద చెబుతాను.

కత్తులమ్మే వాళ్లు ముందు ఉక్కు పేరు చెబుతారు. నేను మాత్రం ముందు లాక్ చూస్తాను, అంటే తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోకుండా పట్టి ఉంచే భాగం. ఉక్కు నాసిరకమైతే పదును త్వరగా పోతుంది, అంతే. లాక్ నాసిరకమైతే వేళ్లు పోతాయి.

మార్కెట్లో ఎక్కువగా దొరికేది లైనర్ లాక్. పిడి లోపల పలుచటి రేకు ఒకటి స్ప్రింగులా పక్కకు జరిగి బ్లేడు మొదలుకు అడ్డం నిలబడుతుంది. బాగా చేసినదైతే ఇబ్బంది లేదు. చవగ్గా చేసినదైతే ఆ రేకు బ్లేడు అంచును అంటీ అంటనట్టు తాకుతుంది. మా దగ్గర ఒకతను మందపాటి రబ్బరు గొట్టం కోస్తుంటే కత్తి మధ్యలో ఇరుక్కుంది. లాగడానికి మణికట్టు అటూ ఇటూ తిప్పాడు. అలా తిప్పినప్పుడు పిడి కాస్త మెలి తిరుగుతుంది, గట్టిగా బిగించిన అరచేతి కండ ఆ రేకును విప్పే దిక్కుకే నొక్కుతుంది. లాక్ జారింది, బ్లేడు చూపుడు వేలి మీదికి మడుచుకుంది. కుట్లు పడ్డాయి, కొన్నాళ్లు ఆ వేలు సరిగ్గా వంగలేదు. తర్వాత ఆ కత్తి తెరిచి చూస్తే రేకు అంచు ఒక మూల నున్నగా అరిగిపోయి మెరుస్తోంది.

ఫ్రేమ్ లాక్ కూడా అదే సూత్రం, కానీ పలుచటి రేకు బదులు పిడిలో ఒక పక్క మొత్తం లాక్‌గా పనిచేస్తుంది. మీరు ఎంత గట్టిగా పట్టుకుంటే అంత గట్టిగా లాక్ పడుతుంది. టైటానియం పిడి అయితే బ్లేడును తాకే చోట చిన్న ఉక్కు ముక్క బిగించి ఉందో లేదో చూడండి. అది లేకపోతే టైటానియం అరుగుతుంది, ఒక్కోసారి లాక్ అతుక్కుపోయి విప్పడానికి బొటనవేలి గోరు అరిగిపోతుంది.

నాకు మోటు పనికి బాగా నచ్చేది బ్యాక్ లాక్, ఇందులో పిడి వీపు వైపు ఉండే కడ్డీ బ్లేడును పట్టి ఉంచుతుంది. 1960ల నుంచి బక్ కంపెనీ 110 మోడల్‌తో ఇది జనంలోకి బాగా వెళ్లింది. కోల్డ్ స్టీల్ కంపెనీ వాడే ట్రై-యాడ్ లాక్ దీనికి ముందడుగు. ఆండ్రూ డెమ్కో రూపొందించిన ఈ లాక్‌లో బ్లేడుకూ లాక్ కడ్డీకీ మధ్య ఒక గట్టి ఉక్కు పిన్ను ఉంటుంది. దెబ్బ పడితే ఆ బరువు నేరుగా పివట్ (తిరిగే ఇరుసు) మీద కాకుండా పిన్ను మీద పడుతుంది. అరుగుదల వచ్చినా కడ్డీ కాస్త లోపలికి దిగి సర్దుకుంటుంది. ఒక్కటే ఇబ్బంది, మూయడానికి బొటనవేలితో కాస్త బలంగా నొక్కాలి, చేతికి గ్రీజు ఉంటే చిరాకు. స్పైడర్‌కో కంపెనీ కంప్రెషన్ లాక్, బెంచ్‌మేడ్ కంపెనీ యాక్సిస్ లాక్ కూడా బలమైనవే. వీటిని మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోకి రాదు. యాక్సిస్ లాక్‌లో సన్నటి తీగ స్ప్రింగులుంటాయి, ఎప్పుడో ఒకప్పుడు అవి తెగొచ్చు. రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ఒకటి తెగినా కత్తి సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది.

లాక్ లేని స్విస్ తరహా చాకులు ఉత్తరాలు చింపడానికి, పండ్లు కోయడానికి హాయిగా ఉంటాయి. మీరు చెప్పిన పనికి మాత్రం వద్దు.

కొనే ముందు చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే ఇలా చూడండి. నెమ్మదిగా తెరిచి, లాక్ ఎక్కడ ఆగిందో వెలుతురులో గమనించండి. లైనర్ లాక్ అయితే రేకు బ్లేడు మందంలో మూడో వంతుకు తగ్గకుండా లోపలికి వచ్చి ఉండాలి. అటు చివరిదాకా వెళ్లిపోయి ఉంటే అప్పటికే అరిగినట్టు లెక్క. తర్వాత వేళ్లన్నీ బ్లేడు దారిలోంచి తీసేసి, బ్లేడు వీపును చెక్క మీద ఆనించి నెమ్మదిగా ఒత్తండి. పైకీ కిందికీ కాస్త కదిలినా పక్కన పెట్టేయండి. పక్కలకు కదిలితే మాత్రం భయపడక్కర్లేదు, పివట్ స్క్రూ బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వీపును బల్లకేసి టపటపా కొట్టి చూపించే వీడియోలు చూసి మీరు అలా చేయకండి, మంచి లాక్ కూడా ఆ దెబ్బలకు పాడవుతుంది. ఇక మూసిన కత్తిని తలకిందులుగా పట్టి ఊపండి. దానంతటదే తెరుచుకుంటే జేబులో పెట్టుకోదగ్గది కాదు.

పిడి సంగతి. చెమట చేతుల్లో, గ్లోవ్స్ వేసుకున్న చేతుల్లో పట్టు నిలవాలి. గరుకుగా ఉండే జీ-10 (గాజు గుడ్డ పొరలను రెసిన్‌తో అతికించినది), మికార్టా (గుడ్డ లేదా కాగితం పొరలతో అలాగే చేసినది), గాజు నార కలిపిన నైలాన్, ఈ మూడింట్లో ఏదైనా మంచిదే. నున్నటి అల్యూమినియం, స్టీలు పిడులు ఫొటోలో బాగుంటాయి, తడి చేతిలో సబ్బు ముక్కలా జారతాయి. అన్నిటికన్నా ముఖ్యం, పిడికీ బ్లేడుకూ మధ్య వేలు ముందుకు జారకుండా ఆపే చిన్న అడ్డు. పిడి మీ నాలుగు వేళ్లూ పట్టేంత పొడవుండాలి. చిటికెన వేలు గాల్లో ఉంటే పది నిమిషాల పని తర్వాత చెయ్యి లాగుతుంది.

బ్లేడు మూడు, మూడున్నర అంగుళాలు చాలు. ఇక్కడ చాలామంది మోసపోయేది మందం దగ్గర. ‘హెవీ డ్యూటీ’ అని రాసి నాలుగున్నర, అయిదు మిల్లీమీటర్ల బ్లేడు అమ్ముతారు. అది దేన్నీ కోయదు, చీలుస్తుంది. దళసరి అట్టలోకి దిగి అక్కడే బిగుసుకుంటుంది, అప్పుడు మీరు బలం వాడతారు, బలం వాడినప్పుడే కత్తి జారుతుంది. వీపు దగ్గర మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు ఉండి, అంచు వైపు వచ్చేసరికి బాగా సన్నబడే బ్లేడు చూసుకోండి. అంచుకు కాస్త పైన అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటే అట్ట మీద హాయిగా నడుస్తుంది. సగం బ్లేడుకు రంపపు పళ్లుండే రకం తాళ్లకు బాగుంటుంది కానీ సానపెట్టడం పెద్ద తలనొప్పి. నేనైతే సాదా అంచే తీసుకుంటాను. పిడి చివర అద్దాలు పగలగొట్టే ముల్లు ఉన్నవి జేబు గుడ్డను తినేస్తాయి, వాటి గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఉక్కు దగ్గరికొద్దాం. పదును నిలవడం, దెబ్బకు పెచ్చు ఊడకపోవడం, తుప్పు పట్టకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఒకదాన్నొకటి లాగుతుంటాయి. డీ2 అనేది అచ్చులు చేయడానికి పుట్టిన ఉక్కు. దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. అట్టల మీద పదును బాగా నిలుస్తుంది, కానీ చెమటకు చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది, మేకుకు తగిలితే అంచు పెచ్చులూడుతుంది. 14సీ28ఎన్ అనే స్వీడిష్ ఉక్కు నాకు ఈ పనికి సరిగ్గా సరిపోయింది. పదును మరీ ఎక్కువ రోజులు నిలవదు, కానీ మామూలు సానరాయి మీద కొద్దిసేపట్లో తిరిగొస్తుంది, తుప్పు తేలిగ్గా పట్టదు, అంచు విరగడం బదులు కాస్త వంగుతుంది. ఎం390 లాంటివి చాలా కాలం పదునుగా ఉంటాయి. కాకపోతే వాటిలోని వెనేడియం కార్బైడ్లు (ఉక్కులో కలిసి ఉండే గట్టి రేణువులు) మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయికన్నా గట్టివి, సాన పెట్టాలంటే డైమండ్ రాయి మేలు. డబ్బు పెట్టగలిగితే 2021లో వచ్చిన మాగ్నాకట్ మూడు గుణాలనూ బాగా కలిపిన ఉక్కు. దాన్ని రూపొందించింది ల్యారిన్ థామస్ అనే లోహశాస్త్రజ్ఞుడు. అయితే ఏ ఉక్కయినా వేడి చికిత్స (కాల్చి, చల్లార్చి గట్టిపరచడం) సరిగ్గా చేయకపోతే పేరు మాత్రమే మిగులుతుంది. అందుకే ఊరూపేరూ లేని కంపెనీ ‘ఎం390’ అని చెక్కి చవగ్గా ఇస్తుంటే నేను నమ్మను. పేరున్న మోడళ్లకు నకిలీలు కూడా విపరీతంగా ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. నీళ్లు లేకుండా తిరిగే కరెంటు సాన చక్రానికి కత్తి ఇవ్వకండి. నిప్పురవ్వలు ఎగిరే ఆ చోట అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు తేలిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది, ఆ భాగం అరగదీసి తీసేయడం తప్ప మందు లేదు. చేత్తోనే, ఒక్కో పక్క 17 నుంచి 20 డిగ్రీల కోణంలో రుద్దుకోండి. మోటు పనికి 20 మేలు.

దుమ్ములో పనిచేసేవాళ్లకు పివట్ దగ్గర బాల్ బేరింగులకన్నా ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) వాషర్లున్న కత్తి నయం. బేరింగులున్న కత్తులు వేలి చిటికెతో తెరుచుకుంటాయి, సిమెంటు దుమ్ము దూరగానే కరకరలాడతాయి. వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, పివట్‌లో చుక్క నూనె వేస్తే చాలు. లాక్ ఆనే చోట పేరుకున్న నూలు ఉండను అగ్గిపుల్లతో తీయడం మరిచిపోవద్దు. లాక్ సరిగ్గా పడకపోవడానికి చాలాసార్లు అదే కారణం.

ఇప్పుడు ఆత్మరక్షణ. అమెరికాలో డెన్నిస్ టూలర్ అనే పోలీసు శిక్షకుడు 1983లో ఒక లెక్క చెప్పాడు, మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని. ఆ లెక్క తుపాకీ ఉన్న పోలీసులను కత్తితో మీదికొచ్చేవాడి గురించి హెచ్చరించడానికి చెప్పింది. మీ పరిస్థితికి అన్వయించి చూడండి. ఆ ఒకటిన్నర సెకన్లలో మీరు ప్రమాదాన్ని గుర్తించాలి, జేబులోంచి కత్తి తీయాలి, తెరవాలి, లాక్ పడాలి. గుండె దడదడలాడుతుంటే వేళ్లు మాట వినవు. నిజానికి మీద పడేవాడు 21 అడుగుల దూరంలో కనిపించి హెచ్చరించి రాడు, చెయ్యి చాచేంత దగ్గరికి వచ్చాకే విషయం తెలుస్తుంది.

కత్తి తెరిచారే అనుకుందాం. అవతలివాడు భయపడి పారిపోతాడని మనం ఊహించుకుంటాం. వాడి దగ్గరా కత్తి ఉండొచ్చు, లేదా మీ చేతిలోది లాక్కోవచ్చు. కత్తి గాయం మనిషిని అక్కడికక్కడ ఆపుతుందన్న గ్యారంటీ లేదు, కానీ తర్వాత ప్రాణం తీయొచ్చు. అంటే మీకు రక్షణా దొరకదు, మీద హత్య కేసూ పడొచ్చు. శిక్షణ లేనివాళ్ల చేతిలో రెండు వైపులా నష్టం. పైగా ‘ఆత్మరక్షణకే పెట్టుకున్నాను’ అని మీరు చెప్పే మాటే కొన్ని దేశాల్లో మీకు ఎదురు తిరుగుతుంది. బ్రిటన్‌లో సరైన కారణం చూపకుండా బయట వెంట ఉంచుకోదగ్గది మూడు అంగుళాలలోపు, లాక్ పడని మడత కత్తి మాత్రమే. అంటే పైన నేను మెచ్చుకున్నవన్నీ అక్కడ డ్యూటీలాంటి కారణం ఉంటేనే చెల్లుతాయి. మీరుండే చోట పొడవు, లాక్, ఒంటిచేత్తో తెరవడం, ఈ మూడింటి మీద నిబంధన ఏముందో కొనకముందే చూసుకోండి. విమానం క్యాబిన్‌లోకి ఎలాగూ తీసుకెళ్లనివ్వరు.

రాత్రి నడకకైతే చేతిలో మంచి టార్చి, గట్టిగా మోగే అలారం, చట్టం ఒప్పుకునే చోట పెప్పర్ స్ప్రే పెట్టుకోండి. ఇవి మీకు పరుగెత్తడానికి సమయం ఇస్తాయి. మీకు కావాల్సింది కూడా ఆ సమయమే. మా షిఫ్టు రాత్రి పదకొండుకు అయిపోతుంది. కత్తి లాకర్లో పెట్టేసి, టార్చి పట్టుకుని, ఇద్దరు ముగ్గురం కలిసి బయల్దేరతాం.

పేర్లు కావాలంటే, తక్కువ ఖర్చులో ఆంటారియో ర్యాట్ 1. లైనర్ లాకే అయినా మందంగా, నమ్మకంగా ఉంటుంది. లాక్ బలమే ముఖ్యమైతే కోల్డ్ స్టీల్ రీకాన్ 1. కోత నాణ్యత కావాలి, డబ్బుకు వెనకాడననుకుంటే స్పైడర్‌కో పారా మిలిటరీ 2. మూడింట్లోనూ జేబు క్లిప్పును ఇటూ అటూ మార్చుకోవచ్చు, మీరు ఎడమ చేతివాటమైతే అది కలిసొస్తుంది.

చివరిగా, మీ పనిలో డబ్బా మూతలు మీటడం, మేకులు లాగడం ఉంటే మడత కత్తి మీద ఆ భారం వేయకండి. పివట్ ఉన్న ఏ కత్తీ మీటడానికి చేసింది కాదు, ముందు మొన విరుగుతుంది. చిన్న గునపం లాంటి ప్రై బార్ ఒకటి బెల్టుకు తగిలించుకోండి. బిగించి ఉన్న ఇనుప పట్టీలకైతే కత్తెర లాంటి స్ట్రాప్ కట్టర్ వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి, పట్టీ తెగినప్పుడు ఎగిరే దిక్కున నిలబడకండి. పనంతా ఒకే చోట ఉండి, బెల్టుకు ఒర తగిలించుకునే వీలుంటే, అసలు మడత లేని చిన్న కత్తే వీటన్నిటికన్నా గట్టిది, కడగడం కూడా తేలిక. మీరు రోజూ ఎక్కువగా కోసేది ఏమిటో కింద కామెంట్‌లో రాస్తే, దానికి ఏ అంచు నప్పుతుందో చెబుతాను.